పచ్చి చెక్క గిన్నె సగంలో ఆగితే... మళ్లీ లేత్ ఎక్కించే దాకా ఎలా దాచాలి?

లేత్‌ను ఉర్దూలో ఖరాద్ అంటారు. పాత తెలుగులో తరిమెన అంటారు. ఏ పేరుతో పిలిచినా, దాని మీద పచ్చి చెక్కతో గిన్నె తీసేవాళ్లందరికీ ఎదురయ్యే చిక్కు ఒకటే. అప్పుడే కొట్టిన మొద్దు మీద పని హాయిగా సాగుతుంది. ఉలి మెత్తగా దిగుతుంది, దుమ్ము లేవదు, పొట్టు పొడుగ్గా తాడులా వచ్చి పడుతుంది. కానీ గిన్నె ఒక్క విడతలో పూర్తికాదు. కరెంటు పోతుంది, నమాజ్ వేళవుతుంది, పిల్లల్ని స్కూలు నుంచి తేవాలి, లేదంటే చీకటి పడుతుంది. సగం తీసిన గిన్నెను అలాగే ఫ్యాన్ కింద వదిలేసి వెళ్తే, తెల్లారేసరికి అంచు నుంచి అడుగు దాకా నెర్రె కనిపిస్తుంది. మొద్దుకు పెట్టిన డబ్బు, సామిల్లులో కోత కూలి, ఒక రోజు కష్టం, అన్నీ దానితోనే పోతాయి. ఇంటి వెనక రేకుల షెడ్డులో చిన్న లేత్ పెట్టుకుని నెలకు పది గిన్నెలు అమ్ముకునే కుటుంబానికి రెండు గిన్నెలు పగిలాయంటే ఆ నెల లాభం దాదాపు పోయినట్టే.

మన దగ్గర చెక్క పని కొత్తదేం కాదు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రతో లక్క బొమ్మలు తీస్తారు. నెల్లూరు జిల్లా ఉదయగిరిలో ముస్లిం కుటుంబాలు చెక్క గరిటెలు, స్పూన్లు, ఫోర్కులు చేతితో చెక్కుతాయి. రెండింటికీ భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అయితే ఏటికొప్పాక పని ఎక్కువగా సన్నటి కర్రతో, ఆరిన తర్వాత సాగేది. ఒక అడుగు వెడల్పు గిన్నెకు సరిపడా లావు మొద్దు పూర్తిగా ఆరాలంటే ఏళ్లు పడుతుంది, ఆరేలోపు మొద్దే పగిలిపోతుంది. అందుకే పెద్ద గిన్నెలు తీసేవాళ్లు ఎక్కువమంది పచ్చిగా ఉన్నప్పుడే లావుగా తీసి, ఆరబెట్టి, రెండోసారి లేత్ ఎక్కిస్తారు. ఈ రెండు విడతల మధ్య దాచే పద్ధతి గురించే ఈ వ్యాసం.

పగులు ఎక్కడ పుడుతుంది

చెక్కలో నీళ్లు రెండు చోట్ల ఉంటాయి. కణాల లోపలి ఖాళీల్లో కొంత, కణాల గోడల్లో కొంత. ముందు ఖాళీల్లోని నీరు పోతుంది. అది పోయినంత మాత్రాన చెక్క సైజు మారదు, బరువు మాత్రమే తగ్గుతుంది. తేమ సుమారు 30 శాతానికి దిగాక గోడల్లోని నీరు కదలడం మొదలవుతుంది. చెక్క ముడుచుకునేది అప్పుడే.

చిక్కేమిటంటే పై పొర, లోపలి చెక్క ఒకేసారి ఆ గీత దాటవు. పై పొర గాలికి ఆరి ముడుచుకోవాలని చూస్తుంది. లోపల ఇంకా తడిగా ఉన్న చెక్క దాన్ని ముడుచుకోనివ్వదు. ఆ లాగుడులో పై పొర చీలుతుంది. అంటే గిన్నెను పగలగొట్టేది ఆరడం కాదు, ఒక చోట త్వరగా, ఒక చోట ఆలస్యంగా ఆరడం. ఇకపై చెప్పే చిట్కాలన్నీ, ప్లాస్టిక్ కవరైనా, మైనమైనా, పొట్టైనా, ఈ తేడాను తగ్గించడానికే.

ఇంకో సంగతి. చెక్క అన్ని వైపులా ఒకేలా ముడుచుకోదు. పోగు పొడవునా దాదాపు ముడుచుకోదు. వలయాల వెంట ముడుచుకునేది మధ్య నుంచి బయటికి ముడుచుకునే దానికి ఇంచుమించు రెట్టింపు. అందుకే గుండ్రంగా తీసిన గిన్నె ఆరాక కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది. ఇది తప్పు కాదు, ప్రతి గిన్నె ఇలాగే అవుతుంది. మొద్దు నడిమి బెండును మాత్రం గిన్నెలో ఉంచకూడదు. బెండు ఉన్న గిన్నె ఎంత జాగ్రత్తగా దాచినా చుక్కలా అక్కడి నుంచే పగులుతుంది. మొద్దును నిలువునా బెండు మీదుగా రెండుగా చీల్చి, బెండును ఆనుకున్న ఒకటి రెండు సెంటీమీటర్లు తీసేయడం మంచిది.

మందం ఎంత ఉంచాలి

లేత్ పనివాళ్ల లెక్క సులువు. గిన్నె వెడల్పులో పదో వంతు మందం. 25 సెంటీమీటర్ల గిన్నెకు గోడ 25 మిల్లీమీటర్లు. ఎందుకంత అని చాలామంది అడుగుతారు కాబట్టి లెక్క వేసి చూద్దాం.

30 సెంటీమీటర్ల గిన్నె తీసుకోండి. గోడ 30 మిల్లీమీటర్లు, అంటే లోపలి వెడల్పు 240. పోగుకు అడ్డంగా 6 శాతం ముడుచుకుందనుకుందాం. ఆరాక బయట ఒక వైపు 300, ఇంకో వైపు 282. లోపల ఒక వైపు 240, ఇంకో వైపు సుమారు 226. మళ్లీ గుండ్రంగా తీయాలంటే బయట 282కు తగ్గించాలి, లోపల 240కి పెంచాలి. మిగిలే గోడ 21 మిల్లీమీటర్లు. ఇక కావలసినంత సన్నం చేసుకోవచ్చు. అదే మొదట్లోనే తొందరపడి గోడను 15కు తెచ్చి ఉంటే, లోపలి వెడల్పు 270 అవుతుంది. ఆరాక మిగిలేది 282 నుంచి 270 తీసేసి, రెండుతో భాగిస్తే 6 మిల్లీమీటర్లు. చక్‌లో పెట్టినప్పుడు వెంట్రుకవాసి తేడా వచ్చినా గిన్నె చిల్లు పడుతుంది.

గోడ ఎంత మందమున్నా, అంచు నుంచి అడుగు దాకా ఒకే మందం ఉండాలి. చాలామంది గోడను చక్కగా తీసి, అడుగును మాత్రం లావుగా వదిలేస్తారు. గోడ ఆరి ముడుచుకుంటుంటే అడుగు తడిగా కూర్చుంటుంది. పగులు సరిగ్గా ఆ రెండూ కలిసే చోట వస్తుంది. చక్ పట్టుకునే పట్టును కూడా కొంచెం పెద్దదిగా ఉంచండి. 80 మిల్లీమీటర్ల పట్టు ఒక వైపు 75కు దగ్గరగా ముడుచుకోవచ్చు. దాన్ని మళ్లీ గుండ్రం చేసేంత చెక్క మిగలాలి.

గంటసేపా, రాత్రంతానా, వారమా?

దాచే పద్ధతి ఎంతసేపటికి అన్నదాన్ని బట్టి మారుతుంది. అన్నిటికీ ఒకే మందు వాడితే బూజైనా పడుతుంది, పగులైనా వస్తుంది.

భోజనానికో, నమాజ్‌కో వెళ్లే అరగంట, గంటకు తడి గుడ్డ చాలు. పాత తువ్వాలు నీళ్లలో ముంచి పిండి, గిన్నె మొత్తం కప్పండి. ముఖ్యంగా అడ్డకోత కనిపించే రెండు వైపులు. నీరు పోగు వెంట పరుగెత్తుతుంది కాబట్టి ఆ రెండు వైపుల నుంచే వేగంగా పోతుంది. ఫ్యాన్, కూలర్ ఆపేయండి. మే నెలలో హైదరాబాద్ లాంటి చోట పొడి గాలికి సన్నటి అంచు గంటలోపే నెర్రె ఇస్తే ఆశ్చర్యపోవద్దు.

రాత్రి ఆపాల్సి వస్తే పాలిథిన్ కవర్. గిన్నె లోపల దాని సొంత తడి పొట్టే నింపి, కవర్‌లో పెట్టి, మూతి బిగించి కట్టండి. చక్‌లోంచి తీయాలా వద్దా అన్నది పెద్ద చర్చ. తీస్తే మళ్లీ పెట్టినప్పుడు కొంచెం ఊగుతుంది. తీయకపోతే చెక్క తడి ఇనుప దవడలకు తగిలి తుప్పు, నల్ల మరక రెండూ వస్తాయి. ఒక్క రాత్రికైతే చక్‌ను లేత్ నుంచి విప్పి, గిన్నెతో సహా కవర్‌లో కట్టేయడమే మేలని నా అభిప్రాయం. అంతకు మించితే గిన్నెను తీసేయండి. తీసే ముందు చక్ ఒకటో నంబర్ దవడ ఎక్కడ ఉందో పట్టు మీద పెన్సిల్‌తో గీత పెట్టుకుంటే, మళ్లీ అదే చోట పెట్టొచ్చు, ఊగుడు తగ్గుతుంది. పచ్చి చెక్క నీళ్లు చిమ్ముతుంది కాబట్టి లేత్ బెడ్‌ను కూడా తుడిచి కాస్త నూనె రాయండి. పొద్దున చూస్తే ఎర్రటి తుప్పు పొర కనిపించకుండా ఉంటుంది.

నల్ల మరక గురించి ఒక మాట. టానిన్ ఎక్కువున్న చెక్కలో, తుమ్మ అందుకు మంచి ఉదాహరణ, ఇనుము, తడి కలిస్తే సిరాలా నలుపు దిగుతుంది. ఒకప్పుడు సిరా చేసిందే ఆ పద్ధతిలో. ఫేస్ ప్లేట్ స్క్రూలు బిగించి వారం వదిలేస్తే ఆ మరక సెంటీమీటర్ లోతుకు కూడా పోవచ్చు. స్టెయిన్‌లెస్ స్క్రూలు వాడితే ఈ బాధ తగ్గుతుంది.

రెండు మూడు రోజులైతే కవర్‌లోనే ఉంచవచ్చు కానీ రోజుకోసారి కవర్ తిరగేయాలి. లోపల చెమ్మ చుక్కలు కట్టిన వైపు బయటికి, పొడి వైపు లోపలికి. అలా కొంచెం కొంచెంగా నీరు పోతుంది, బూజుకు అవకాశం తగ్గుతుంది. వేసవిలో మామిడి చెక్కకు మూడో రోజుకే బూజు పట్టొచ్చు. ఫ్రిజ్‌లో పెడితే బూజు నెమ్మదిస్తుంది. ఇంట్లో అడిగి పెట్టండి, ఎందుకంటే కూరగాయల మధ్య తడి చెక్క వాసన అందరికీ నచ్చదు.

వారం దాకా పని చేసే వీల్లేదంటే నీళ్ల బకెట్ మంచి దారి. పూర్తిగా మునిగిన చెక్క పగలదు. తేలకుండా పైన బండరాయి పెట్టాలి. ఒక్క అంచు నీటిపైన ఉన్నా పగులు అక్కడే. రెండు రోజులకోసారి నీళ్లు మార్చండి, లేకపోతే కుళ్లు వాసన వస్తుంది. లేత రంగు చెక్కను, ముదురు రంగు దిగే చెక్కను ఒకే బకెట్‌లో వేయకండి.

వీటన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది, ఎక్కడ ఆపుతున్నామన్నది. బయటి ఆకారం తీసి, లోపల తవ్వకుండా ఆపడం అన్నిటికంటే చెడ్డది. అది గిన్నె కాదు, ఇంకా మొద్దే, మధ్యలో అంత లావు తడి చెక్క ఉంది. రెండు వైపులా తీసే టైమ్ లేకపోతే ఆ రోజు మొదలుపెట్టకుండా, మొద్దు కోత ముఖాలకు మైనం రాసి నీడలో ఉంచడం నయం.

నెలల తరబడి ఆరబెట్టడం

ముతకగా తీయడం అయిపోయింది, ఇక ఆరాలి. ఇక్కడ ప్లాస్టిక్ పనికిరాదు. నీరు బయటికి పోవాలి, కానీ నిదానంగా.

మొదట అడ్డకోత వైపులకు, అంచుకు, పట్టుకు మైనం పూయండి. కొవ్వొత్తుల మైనం కరిగించి బ్రష్‌తో రాస్తే చాలు. నేరుగా మంట మీద కాకుండా, వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించాలి, మైనం అంటుకుంటే ఆర్పడం కష్టం. దాని మీద నీళ్లు పోయకూడదు. విదేశాల్లో ఇదే పనికి నీళ్లలో కలిసే మైనం ద్రావణం డబ్బాల్లో అమ్ముతారు. అది లేదని మన పని ఆగదు. గిన్నె మొత్తానికి మైనం పూస్తే మరీ నిదానంగా ఆరుతుంది, చింత, తుమ్మ లాంటి బరువు చెక్కకు అది మంచిదే.

తర్వాత కాగితం. సిమెంటు సంచి లోపలి బ్రౌన్ పేపర్ అయినా, కిరాణా కాగితం సంచి అయినా, మూడు నాలుగు పొరల న్యూస్ పేపర్ అయినా సరే. గిన్నెను అందులో పెట్టి మూతి మడిచేయండి. కాగితం గాలిని ఆపుతుంది, తేమను కొద్దికొద్దిగా వదులుతుంది. కొందరు సంచిలో పొట్టు కూడా నింపుతారు. అది పొడి పొట్టే అయి ఉండాలి. తడి పొట్టుతో నెలలు మూసిపెడితే లోపల వెచ్చబడి బూజు పడుతుంది. గోనె సంచి మన వేసవికి మరీ పల్చన, రెండు సంచులు ఒకదాంట్లో ఒకటి వాడితే తప్ప.

ఎక్కడ పెట్టాలి? రేకుల షెడ్డు వద్దు, పగలు కాలుతుంది, రాత్రి చల్లబడుతుంది. అటక మీద కూడా వేసవిలో వేడే. ఇంట్లో నేల దగ్గర, మంచం కిందో, మెట్ల కిందో, ఎండ, ఏసీ గాలి తగలని చోటు చాలు. సిమెంటు నేల మీద నేరుగా కాకుండా చెక్క పట్టీల మీద పెట్టండి. ఒకదాని మీద ఒకటి బోర్లించేటప్పుడు మధ్యలో రెండు పుల్లలు ఉంచాలి.

ఎప్పుడు ఆరిందో చెప్పేది వంటింటి కాటా. మొదటి రోజే తూచి, బరువు, తేదీ, చెట్టు పేరు గిన్నె అడుగునే పెన్సిల్‌తో రాయండి. పెన్ను సిరా తడి చెక్కలో పాకుతుంది. తర్వాత వారానికోసారి తూచండి. మొదట్లో గబగబా తగ్గుతుంది, తర్వాత నిదానిస్తుంది. వరసగా మూడు వారాలు బరువు మారకపోతే ఆ గది గాలికి సరిపడా ఆరినట్టే. 25 మిల్లీమీటర్ల గోడ ఉన్న గిన్నెకు సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది.

'ఆ గది గాలికి' అన్నది ఊరికే రాసిన మాట కాదు. చెక్క చుట్టూ ఉన్న గాలితో సర్దుకుంటుంది. గాలిలో తేమ 40 శాతం ఉంటే చెక్క సుమారు 7, 8 శాతం దగ్గర నిలుస్తుంది. 80 శాతం ఉంటే 15, 16 దగ్గర. మచిలీపట్నంలో ఆగస్టులో బరువు నిలిచిన గిన్నె, ఏప్రిల్‌లో హైదరాబాద్‌కో, దుబాయ్‌లోని ఏసీ ఇంటికో పోతే మళ్లీ నీరు వదులుతుంది, మళ్లీ కొంచెం వంకర తిరుగుతుంది. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు పంపే గిన్నెలను చివరి విడత తీసే ముందు రెండు మూడు వారాలు ఏసీ గదిలో, కాగితం సంచిలోనే ఉంచి, బరువు నిలిచాక తీయడం మంచిది. రంజాన్‌కు ఖర్జూరాల గిన్నెలు, పెళ్లిళ్లకు డ్రై ఫ్రూట్ గిన్నెలు కావాలని ఆర్డర్ వస్తే ముందు క్యాలెండర్ చూడండి. రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కూడా. ఆరు నెలల ముందు ముతకగా తీసిన గిన్నెలు షెల్ఫులో లేకపోతే, ఆ ఆర్డర్ ఒప్పుకోకపోవడమే నయం. అడ్వాన్స్ తీసుకుని తడి గిన్నె ఇస్తే అది కొన్నవాళ్ల టేబుల్ మీద పగులుతుంది.

తొందర దారులు కొన్ని ఉన్నాయి. ముతక గిన్నెను నీళ్లలో గంటసేపు మరిగించి, నెమ్మదిగా చల్లార్చి, కాగితంలో చుడితే పగుళ్లు తగ్గుతాయని అనుభవజ్ఞులు చాలామంది చెబుతారు. రంగు కొంత దిగిపోతుంది. మైక్రోవేవ్‌లో కొద్ది నిమిషాలు వేడి చేసి, చల్లార్చి, మళ్లీ వేడి చేసే పద్ధతి కూడా ఉంది. ఇది చిన్న గిన్నెలకే. నిమిషం ఎక్కువైతే లోపలి నుంచి మాడుతుంది, మంట కూడా రావచ్చు. వంటకు వాడే మైక్రోవేవ్‌ను ఈ పనికి వాడొద్దు. ఇండస్ట్రియల్ స్పిరిట్‌లో నానబెట్టే పద్ధతి కూడా కొందరు చెబుతారు. అది విషం, ఆవిరి అంటుకుంటుంది, ఇంట్లో పిల్లలుంటే ఆ డబ్బా ఇంటికి తేకపోవడమే మంచిది.

ఏ చెట్టు ఎలా

తుపాను గాలికి పడిన చెట్లు, రోడ్డు వెడల్పులో కొట్టినవి, ఇంటి ముందు కొమ్మలు, మనకు దొరికే మొద్దులు ఎక్కువగా ఇవే. వాటిలో కొత్తవాళ్లకు నిద్రగన్నేరు అన్నిటికంటే సులువు. రెయిన్ ట్రీ అనేది దీన్నే. ఇది చాలా తక్కువ ముడుచుకుంటుంది. హవాయిలో ఇదే చెట్టును మంకీపాడ్ అంటారు, అక్కడి చెక్క గిన్నెలకు బాగా పేరున్న చెక్క ఇది. టేకు కూడా తక్కువే ముడుచుకుంటుంది, కానీ గిన్నెలకు వాడేంత చవక కాదు. చింత గట్టిది, పోగు అల్లుకుని ఉంటుంది, బరువు చెక్క. దాన్ని మైనం లేకుండా వదలకండి. వేప వాసన చాలాకాలం ఉంటుంది, తినే వస్తువులకు వాడేవాళ్లు అది చూసుకోవాలి.

మామిడికి వేరే జాగ్రత్త కావాలి. చవక, అందం, ఎక్కడైనా దొరుకుతుంది. కానీ దాని తెల్ల చెక్కలో పిండి పదార్థం ఉంటుంది, పుచ్చు పురుగు దానికోసమే వస్తుంది. ఆరబెట్టిన సంచిలో గోధుమపిండి లాంటి మెత్తటి పొడి, గిన్నె మీద గుండుసూది తల అంత చిల్లులు కనిపిస్తే పురుగు పట్టినట్టే. ఆ గిన్నెను వెంటనే మిగతావాటి నుంచి దూరంగా పెట్టండి. మరిగిస్తే లోపలి పురుగు, గుడ్లు చస్తాయి, అయితే తర్వాత కొత్తగా పట్టకుండా అది ఆపదు. బోరాక్స్, బోరిక్ యాసిడ్ ద్రావణం ఆపుతుంది. పూలకుండీలు, అలంకారం సామాన్లకు అది బాగుంటుంది, తిండి పెట్టే గిన్నెలకు వాడొద్దు.

పైపైన పట్టిన బూజు గిన్నెను పాడుచేయదు, రెండో విడతలో పోతుంది. సంచిని బయట విప్పి బ్రష్‌తో దులపండి, ముక్కుకు మాస్క్ పెట్టుకోండి. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే ఈ సంచులు పడకగదిలో పెట్టకండి. నీలి మరక మాత్రం చెక్క లోపలికి దిగుతుంది, తీస్తే పోదు. బలం తగ్గదు కానీ తెల్ల గిన్నె అడిగినవాళ్లకు అమ్మలేం.

మళ్లీ లేత్ మీదికి

ఆరిన గిన్నెను సంచిలోంచి తీయగానే వేలితో తట్టండి. బాగున్న గిన్నె ఖంగుమంటుంది. బొంగురు శబ్దం వస్తే ఎక్కడో పగులుంది. వెలుతురుకు పట్టి, అంచు, అడుగు, ముడి చుట్టూ చూడండి. ఆరుతున్న నెలల్లో తొలి వారమే వెంట్రుక లాంటి నెర్రె కనిపిస్తే పల్చటి ఫెవిక్విక్ దింపి ఆపవచ్చు. అంచు నుంచి అడుగు దాకా పోయిన పగులును జిగురుతో నమ్మకండి. అలాంటి గిన్నె తిరుగుతూ విడిపోతే ముక్క నేరుగా ముఖానికే వస్తుంది. దాన్ని పొయ్యిలో పెట్టేయడమే.

కోడిగుడ్డు ఆకారంలో ఉన్న గిన్నె పట్టు చక్‌లో సరిగ్గా కూర్చోదు. అందుకే ముందు గిన్నె నోటిని చదునైన చెక్క దిమ్మ మీద ఆనించి, టెయిల్ స్టాక్ మొనను అడుగున పాత గుర్తు మీద పెట్టి బిగించి, పట్టును మళ్లీ గుండ్రంగా తీయాలి. ఆ తర్వాతే చక్. మొదట అతి తక్కువ వేగంలో తిప్పండి, గిన్నె తిరిగే గీతకు ఎదురుగా నిలబడకండి, ముఖానికి పూర్తి షీల్డ్ పెట్టుకోండి. చున్నీ, వదులు కుర్తా చేతులు లేత్ దగ్గరికి రాకూడదు, ఇది ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా ఒకటే. బయట ముందు గుండ్రం చేసి, తర్వాత అంచు, ఆ తర్వాత లోపల. ఈసారి గోడను అంచు నుంచి కిందికి రెండేసి సెంటీమీటర్ల చొప్పున పూర్తి మందానికి తెచ్చుకుంటూ దిగండి. ఆరిన చెక్క కూడా లోపలి లావు తగ్గేకొద్దీ కొంచెం కదులుతుంది, తిరిగి పైకి వచ్చి అంచును తాకితే ఉలి ఒక వైపే తగులుతుంది.